నయమైనవారి లెక్క అడిగిన సూపరింటెండెంట్

అమెరికా మానసిక వైద్య చరిత్రలో ప్లినీ ఎర్ల్ అనే ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరు తరచుగా ముద్దాయి బోనులో కనిపిస్తుంది. పిచ్చి నయమవుతుందన్న ఆశ మీద అక్కడి ఆసుపత్రులన్నీ లేచాయని, ఆ ఆశకు ఆధారంగా చూపిన అంకెలు నిలవవని 1870లలో ఎర్ల్ తేల్చిచెప్పారని, దాంతో ఖర్చు తగ్గించుకోవాలని చూస్తున్న శాసనసభలకు మంచి సాకు దొరికిందని, రోగులు కిక్కిరిసిన వార్డుల్లో ఏళ్ల తరబడి పడి ఉండే కాలం అలా మొదలైందని ఆ అభియోగం సారాంశం. ఈ అభియోగంలో సగం అన్యాయమని నా అభిప్రాయం. లెక్క సరిచూసిన మనిషి కన్నా, "వీళ్లకు నయమవుతుంది కాబట్టి వీళ్లను పోషించండి" అని ప్రభుత్వాలను ఒప్పించిన ముందుతరం సూపరింటెండెంట్లదే ఎక్కువ బాధ్యత. మిగిలిన సగం మాత్రం ఎర్ల్‌కు తగులుతుంది. కాకపోతే అది తగలవలసింది ఆయన గణాంకాలకు కాదు, ఆయన పొదుపుకు.

ఎర్ల్ 1809 డిసెంబరు 31న మసాచుసెట్స్‌లోని లెస్టర్‌లో, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక కుటుంబంలో పుట్టారు. తండ్రి పేరు కూడా ప్లినీ ఎర్ల్ కావడంతో పాత పుస్తకాల్లో ఇద్దరినీ కలిపేసినవాళ్లున్నారు. ఆ తండ్రి, అమెరికాలో నూలు మిల్లుకు ఆద్యుడైన శామ్యూల్ స్లేటర్ యంత్రాలకు దూది ఏకే పళ్ల పట్టీలు తయారుచేసి ఇచ్చిన నిపుణుడు. అన్న థామస్ ఎర్ల్ 1840లో బానిసత్వాన్ని వ్యతిరేకించే లిబర్టీ పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు. ప్లినీ 1837లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకుని, ఆ వెంటనే ఐరోపా వెళ్లి అక్కడి పిచ్చాసుపత్రులు తిరిగి చూసి వచ్చారు. 1840లో ఫిలడెల్ఫియా దగ్గర ఫ్రాంక్‌ఫర్డ్‌లో క్వేకర్లు నడిపే ఫ్రెండ్స్ అసైలంలో వైద్యుడిగా చేరారు. 1844లో న్యూయార్క్ బ్లూమింగ్‌డేల్ అసైలం బాధ్యత తీసుకుని 1849 దాకా అక్కడ ఉన్నారు. ఆ తరువాత పదిహేనేళ్లు ఆయన ఉద్యోగ జీవితంలో వెలితిగా కనిపిస్తాయి. సొంతూరు, మళ్లీ ఐరోపా ప్రయాణాలు, అంతర్యుద్ధకాలంలో వాషింగ్టన్ ప్రభుత్వ ఆసుపత్రిలో కొంత పని, అంతే. 1864లో, యాభై నాలుగేళ్ల వయసులో, మసాచుసెట్స్ పశ్చిమభాగంలోని నార్తాంప్టన్ రాష్ట్ర ఆసుపత్రికి సూపరింటెండెంట్‌గా వెళ్లి 1885 వరకు ఆ కుర్చీలోనే కొనసాగారు.

ఈ మనిషికి లెక్కల మీద ఉన్న మక్కువ ముందునుంచీ ఉన్నదే. 1845లో ఆయన రంగుల తేడా గుర్తించలేని లోపం గురించి ఒక వైద్యపత్రికలో వ్యాసం రాశారు. అందులో పరిశీలనకు తీసుకున్నది సొంత బంధువర్గాన్నే. ఎవరికి ఆ లోపం ఉంది, ఎవరికి లేదు, ఏ తరంలో ఎందరు అని కూర్చుని రాసుకున్న మనిషి ఆయన. 1854లో మానసిక రోగులకు రక్తం తీసే పద్ధతిని ప్రశ్నిస్తూ మరో రచన చేశారు. ఉద్రేకంతో ఊగిపోతున్న రోగి చేతి నరం కోసి రక్తం కార్చితే శాంతిస్తాడని గౌరవనీయులైన వైద్యులే నమ్ముతున్న కాలంలో, ఆ నమ్మకాన్ని అనుభవాల పట్టిక ముందు నిలబెట్టడం ఆయన పద్ధతి. 1876లో నయమైనవారి లెక్కలను సరిచూస్తూ ఆయన చేసిన పని ఒక ముసలివాడి నిరాశలోంచి పుట్టిందనేవారు ఈ రెండు రచనలను పక్కన పెట్టి మాట్లాడుతున్నారు.

పందొమ్మిదో శతాబ్దంలో అసైలం సూపరింటెండెంట్ అంటే ఇవాళ మనం అనుకునే ఆసుపత్రి అధికారి కాదు. ఆసుపత్రి భవనంలోనే కాపురం, అక్కడే భోజనం. రోగులకు మందు రాసేది ఆయనే, వార్డు పనివాళ్లను పెట్టుకునేదీ తీసేసేదీ ఆయనే, బొగ్గు కొనేదీ, పొలంలో ఏం వేయాలో చెప్పేదీ, పైకప్పు కారితే చూసుకునేదీ ఆయనే. 1844 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో పదముగ్గురు సూపరింటెండెంట్లు కలిసి పెట్టుకున్న సంఘమే తరువాతి కాలంలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ అయింది. ఆ పదముగ్గురిలో ఎర్ల్ ఒకరు. అందులో చేరడానికి అర్హత చదువు కాదు, పదవి: అసైలంకు అధిపతి అయి ఉండాలి. వీళ్లందరూ ఏటా ఒక పని తప్పనిసరిగా చేయాలి. ట్రస్టీల ద్వారా శాసనసభకు చేరే వార్షిక నివేదిక రాయాలి. ఎందరు చేరారు, ఎందరు కోలుకున్నారు, ఎందరు పోయారు, ఎంత ఖర్చయింది అన్నవి అందులో ఉంటాయి. వచ్చే ఏడాది డబ్బు ఆ నివేదిక మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి అది వైద్య పత్రం కన్నా ఎక్కువగా అర్జీ అన్నమాట.

ఆ అర్జీల్లోకి తొంభై శాతం మందికి నయమవుతుందన్న అంకె ఎలా వచ్చిందో చూద్దాం. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ రిట్రీట్ తన నివేదికలో, ఒక ఏడాది కొత్తగా జబ్బుపడి వచ్చిన 23 మందిలో 21 మంది కోలుకున్నారని రాసుకుంది. బేసిల్ హాల్ అనే బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ అమెరికా చూడవచ్చి, ఆ అంకెను 1829లో తన ప్రయాణ పుస్తకంలో మెచ్చుకుంటూ ఎత్తి రాశాడు. 23కి 21 అంటే 91.3 శాతం. ఇరవై ముగ్గురు మనుషుల మీద దశాంశ స్థానం పెట్టడం ఎంతవరకు సబబని అప్పుడు అడిగినవారు లేకపోయారు. ఆ పుస్తకం అట్లాంటిక్‌కు రెండు వైపులా చదివారు. మిగిలిన ఆసుపత్రులకు ఇక వెనకబడే వీలు లేకపోయింది. మసాచుసెట్స్‌లో 1833లో తెరిచిన వూస్టర్ ఆసుపత్రిలో శామ్యూల్ వుడ్‌వర్డ్ కొత్త కేసుల్లో నూటికి ఎనభై, తొంభై చొప్పున నయమవుతున్నాయని ప్రకటిస్తూ వచ్చారు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో జాన్ గాల్ట్ 1842 నివేదికలో కొత్త కేసుల్లో నూటికి 92కు పైగా అని చూపి, చనిపోయిన ఒకరిని లెక్కలోంచి తీసేస్తే నూటికి నూరు అన్నారు. చావును మినహాయిస్తే ఏ ఆసుపత్రి అయినా బాగానే కనిపిస్తుంది. అదే ఏడాది ఒహాయోలో విలియం ఆల్ ఏ మినహాయింపూ పెట్టుకోకుండానే కొత్త కేసుల్లో నూటికి నూరు రాసేశారు. ఆయన ఇంటిపేరుతోనే "డాక్టర్ క్యూర్-ఆల్", అంటే అన్నీ నయం చేసే డాక్టరు, అన్న పరిహాసం పుట్టింది.

వీళ్లు మోసగాళ్లని నేను అనను. బందెలదొడ్లలాంటి జైలు గదుల్లో, దరిద్రాలయాల నేలమాళిగల్లో గొలుసులతో కట్టేసిన మనుషులను 1843లో సంస్కర్త డొరోతియా డిక్స్ మసాచుసెట్స్ శాసనసభకు రాసిన విన్నపంలో వర్ణించిన రోజులవి. ఆ మనుషులను అక్కడినుంచి తీసుకురావడానికి భవనాలు కావాలి, భవనాలకు పన్నుల డబ్బు కావాలి, పన్ను కట్టేవాడికి ఏదో ఒక లాభం చూపాలి. అందుకని నివేదికల్లో ఒక రకం పట్టిక వాడుకలోకి వచ్చింది: ఒకవైపు పాతిక మంది పాత రోగులు, ఇన్నేళ్లుగా ప్రభుత్వానికి ఇంత ఖర్చు, మరోవైపు పాతిక మంది కొత్త రోగులు, కొన్ని నెలల చికిత్స, కోలుకుని ఇంటికి, ఇంతే ఖర్చు. చదివిన శాసనసభ్యుడికి ఆసుపత్రి కట్టడం దానధర్మంలా కాక మంచి పెట్టుబడిలా కనిపించింది. ఆ పట్టిక గెలిచింది. అయితే అది గెలిచిన రోజునే పాత రోగి సంగతి తేలిపోయింది. నయమయ్యేవాడి పక్కన అతన్ని దండగ ఖర్చుకు ఉదాహరణగా నిలబెట్టింది ఎర్ల్ కాదు, అతన్ని కాపాడాలని బయలుదేరినవాళ్లే.

ఎర్ల్ 1876 చివర్లో ఒక సమావేశంలో చదివి, మరుసటి ఏడాది అచ్చువేయించి, 1887లో పుస్తకంగా విస్తరించిన పరిశీలన ఈ నివేదికలన్నిటినీ ఒకచోట పరిచి పెట్టింది. ఆయన ఎత్తిచూపిన లోపాలు తలాతోకా లేనివి కావు, ఆసుపత్రి లెక్కలు రాసేవాళ్లు ఇప్పటికీ తడబడే చోట్లే. ఒక ఆసుపత్రి చేరినవారి మీద శాతం కడుతుంది, మరొకటి డిశ్చార్జి అయినవారి మీద కడుతుంది. చివరికి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. "కొత్త కేసు" అంటే జబ్బు మొదలై ఏడాదిలోపు అని ఒప్పందం, కానీ జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పేది ఇంటివాళ్లు, రాసుకునేది ఫలితం మీద ఆసక్తి ఉన్న వైద్యుడు. తాగుడు వల్ల కొన్ని రోజులు మతి తప్పి, నిషా దిగాక తేరుకున్నవారూ నయమైన పిచ్చివాళ్ల ఖాతాలో చేరుతున్నారు. ఎవరు కోలుకున్నట్టు, ఎవరు కాస్త మెరుగుపడ్డట్టు అన్నది సూపరింటెండెంట్ స్వభావాన్ని బట్టి మారుతోంది, ఆశావాది ఉన్నచోట నయాలు ఎక్కువ.

వీటన్నిటికన్నా పెద్దది, లెక్కపెడుతున్నది మనుషులను కాదు, కేసులను అన్నది. ఒకే మనిషి మూడుసార్లు చేరి మూడుసార్లు బాగై వెళితే పుస్తకంలో ముగ్గురు బాగైనట్టు. తాను స్వయంగా పనిచేసిన బ్లూమింగ్‌డేల్ రిజిస్టర్లలో ఎర్ల్‌కు ఒక స్త్రీ కనిపించింది. ఆమె తన జీవితకాలంలో 46 సార్లు "కోలుకున్నది" అని డిశ్చార్జి అయింది. చివరికి పిచ్చితోనే ఆ అసైలంలో చనిపోయింది. ఆ ఆసుపత్రి నివేదికల్లో ఆమె 46 విజయాలు, ఒక మరణం. ఆమె పేరు ఎర్ల్ రాయలేదు, రాయనవసరం లేదు కూడా. ఆమె ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఎన్నాళ్లు బాగుందో, ఎవరు మళ్లీ తీసుకొచ్చి దించారో, తలుపు దగ్గర ఎవరు ఆమెను గుర్తుపట్టి పలకరించారో ఆ రిజిస్టరులో ఉండదు.

నేను కొంతకాలం ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేశాను కనుక ఈ భాగం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఓపీ చీటీ పోగొట్టుకుని వచ్చిన రోగికి కొత్త నంబరు ఇస్తారు. కొత్త నంబరు అంటే నెలాఖరు పట్టికలో కొత్త రోగి. ఫలితం గడిలో "నయమైంది", "ఉపశమనం", "సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయారు" అని ఉంటుంది, ఏది టిక్కు పెట్టాలో తెలియని డ్యూటీ డాక్టరు మధ్యలోదాన్ని పెడతాడు. ఎవరూ అబద్ధం ఆడరు. అయినా నెలాఖరుకు పైకి వెళ్లే కాగితం నిజం చెప్పదు. కంప్యూటర్లు లేని కాలంలో, పాత రిజిస్టర్లు తిరగేసి ఒకే పేరును వేర్వేరు ఏళ్లలో పట్టుకుని, నలభై ఆరు కేసులను ఒక మనిషిగా మార్చడం ఎంత చాకిరీయో ఆ పని చేసినవాళ్లకు తెలుస్తుంది.

ఎర్ల్ మీద వచ్చిన అత్యంత బలమైన విమర్శ ఆయన పోయిన అరవై ఏళ్ల తరువాతది. 1950లలో శాన్‌బోర్న్ బోకోవెన్ అనే మనోవైద్యుడు వూస్టర్ ఆసుపత్రి పాత కాగితాల్లోంచి ఒక మరుగునపడిన విచారణను వెలికితీశారు. అక్కడ తరువాతి సూపరింటెండెంట్ అయిన జాన్ పార్క్, వుడ్‌వర్డ్ హయాంలో నయమై వెళ్లినట్టు రాసిన రోగులు ఏమయ్యారో కనుక్కోవడానికి 1880లలో కుటుంబాలకూ, ఊళ్లకూ ఉత్తరాలు రాయించారు. ఆచూకీ దొరికినవారు వెయ్యికి దగ్గరగా ఉన్నారు, వారిలో దాదాపు 58 శాతం మందికి జబ్బు మళ్లీ రానేలేదు. చూశారా, ఎర్ల్ అనవసరంగా ఆశను చంపారు, పాతకాలపు ఆదరణతో కూడిన చికిత్స నిజంగానే పనిచేసింది అని బోకోవెన్ వాదించారు. ఈ విచారణ విలువైనదే. డిశ్చార్జి గేటు దాటిన మనిషి వెనక ముప్పై నలభై ఏళ్లు వెళ్లి చూడాలన్న ఆలోచన రావడమే గొప్ప. కానీ ఈ 58 శాతం దేని మీద కట్టినదో గమనించాలి. ఇది చేరినవారందరిలో 58 కాదు, కోలుకున్నట్టు ముందే రాసినవారిలో 58. ఊహకు ఒక లెక్క వేద్దాం: వందమంది చేరితే 45 మందిని కోలుకున్నట్టు రాశారనుకుంటే, అందులో 58 శాతం అంటే 26 మంది. నూటికి ఇరవై ఆరుగురు జీవితాంతం బాగుండటం చిన్న విషయమేమీ కాదు, ఆ కాలపు వైద్యానికి అది గౌరవమే. అయినా అది తొంభైకి దగ్గర కూడా రాదు. పార్క్ విచారణ ఎర్ల్‌ను ఓడించలేదు, తొంభైకీ శూన్యానికీ మధ్య నిజం ఎక్కడుందో చూపింది. ఎర్ల్ కూడా శూన్యం అని ఎన్నడూ అనలేదు.

శూన్యానికి దగ్గరగా మాట్లాడినవారు వేరే ఉన్నారు. కొత్త కేసులన్నీ నయమవుతాయని ఒకప్పుడు ధీమాగా రాసిన మెక్లీన్ అసైలం సూపరింటెండెంట్ లూథర్ బెల్, 1850ల చివరికి వచ్చేసరికి ఒకసారి పిచ్చి పట్టిన మనిషి ఈ లోకానికి ఇక పనికిరానట్టేనన్న నిర్ధారణకు వచ్చారు. ఇది ఎర్ల్ వ్యాసానికి ఇరవై ఏళ్ల ముందు సంగతి. అప్పటికే ఒక్కో ఆసుపత్రిలో 250 మందికి మించి ఉంచకూడదని 1851లో సూపరింటెండెంట్ల సంఘం పెట్టుకున్న నియమం నీరుగారుతోంది, 1866లో ఆ పరిమితిని సంఘమే 600కు పెంచింది. నయం కానివారి కోసమే విడిగా న్యూయార్క్ రాష్ట్రం విల్లార్డ్ అసైలంను 1869లో తెరిచింది. ఎర్ల్ అంకెలు అచ్చయ్యేసరికి గోడలు లేచిపోయి ఉన్నాయి. ఆయన వ్యాసం వల్ల శాసనసభలు మారాయనడం, జరిగిపోయినదానికి తరువాత దొరికిన కాగితాన్ని కారణంగా చూపడం.

ఇక నార్తాంప్టన్ విషయానికి వస్తే, నాకు ఎర్ల్ మీద గౌరవమూ అసంతృప్తీ రెండూ కలిగేది అక్కడే. 1858లో 250 మందికి అని కట్టిన ఆ ఆసుపత్రిలో ఆయన హయాంలో నాలుగు వందల పైచిలుకు మంది ఉండేవారు. వారిలో ఎక్కువమంది నయమవుతారన్న ఆశ లేనివారే. మామూలుగా అయితే అలాంటి చోట సూపరింటెండెంట్లు తాళాలు చూసుకుని ఊరుకుంటారు. ఎర్ల్ మాత్రం రోగులందరినీ పోగుచేసి, వరుసగా ఉపన్యాసాలు ఇచ్చారు. ఫ్రాంక్‌ఫర్డ్‌లో పడుచుతనంలోనే పరికరాలు పెట్టి భౌతికశాస్త్రం చెప్పిన అలవాటు ఆయనకుంది. నార్తాంప్టన్‌లో 1860లలో ఎంచుకున్న విషయం మాత్రం మెదడు జబ్బులు, మతి తప్పడం. ఆ గదిలో రెండు వందల మందికి పైగా కూర్చుని తమ జబ్బు గురించి తామే విన్నారు. ఇది నాకు 46 నయాల లెక్క కన్నా పెద్ద విషయంగా తోస్తుంది. నయం కాని మనిషిని కూడా చెబితే అర్థం చేసుకోగల మనిషిగా చూడటం తొంభై శాతం ప్రకటించినవాళ్లలో ఎంతమంది చేశారు?

కానీ అదే ఎర్ల్ నివేదికల్లో రోగుల పని, పొలం పంట, తక్కువ ఖర్చు పదేపదే వస్తాయి. రోగులకు పని మంచిదన్నది ఆయన నమ్మకం, అందులో కొంత నిజం ఉంది. అయితే పొలంలో పండిన బంగాళాదుంపలు, కుట్టిన బట్టలు, ఆదా అయిన డాలర్లు ఆయనకు తన పాలన గొప్పదనానికి గుర్తులు కూడా. ఆయన హయాంలో నార్తాంప్టన్ తన మామూలు ఖర్చులు తానే భరించుకుని, కొత్త భూములూ మరమ్మతులూ సొంత రాబడిలోంచే చేసుకున్న సంస్థగా పేరుపడింది. రోగి వల్ల రాష్ట్రానికి ఎంత తక్కువ భారం అన్నది గర్వంగా రాసిన ప్రతి ఏడాదీ, తాను తప్పని నిరూపించిన ఆ పాత పట్టిక తర్కాన్నే ఆయన ఇంకో దారిలో కొనసాగించారు. "నయమవుతాడు కాబట్టి ఖర్చు పెట్టండి" అన్నవారి స్థానంలో "ఎలాగూ ఖర్చు కాదు కాబట్టి ఉంచండి" అన్న మాట వచ్చింది. బాగుపడనివాడికి ఎండ తగిలే గది, వేడి అన్నం, తిట్టని పనిమనిషి ఉండటం అతని హక్కు అన్న మాట ఏ నివేదికలోనూ మొదటి పేజీకి రాలేదు.

ఆ మాట చట్టంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. మన దేశంలోనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక గాని, కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో ఒక మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని, సమాజంలో బతికే హక్కు అతనికి ఉందని కాగితం మీద రాలేదు. అందులో నయమయ్యే శాతం గురించి షరతు లేదు. ఎర్రగడ్డ అన్న పేటపేరునే తెలుగువాళ్లం వెటకారంగా వాడుకుంటున్నాం, వైజాగ్ ఆసుపత్రి పేరెత్తి సినిమాల్లో నవ్వుకుంటున్నాం. చట్టం రాసినంత తేలిగ్గా అలవాటు పోదు కదా.

కుటుంబాల మధ్య రోగులను ఉంచే ఆలోచన ఎర్ల్‌కు తెలియనిదేమీ కాదు. తరతరాలుగా మానసిక రోగులను రైతుల ఇళ్లలో పెట్టుకునే బెల్జియంలోని గీల్ అనే ఊరిని ఆయన 1849 ప్రయాణంలో స్వయంగా చూసివచ్చారు. మసాచుసెట్స్ 1885లో నిరపాయకరమైన రోగులను డబ్బు చెల్లించి మామూలు ఇళ్లలో ఉంచడానికి చట్టం చేసింది. అదే ఏడాది ఎర్ల్ పదవి వదిలారు. ట్రస్టీలు ఆసుపత్రిలోనే ఆయనకు గదులు ఇచ్చారు. పెళ్లి చేసుకోని ఆ వృద్ధుడు రోగుల మధ్యే ఉంటూ పుస్తకం ముగించి, 1892లో అక్కడే కన్నుమూశారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి నార్తాంప్టన్‌లో రోగులు రెండు వేలు దాటారు. 1993లో అది మూతపడింది.